ఉత్తుత్తి యాత్రికులు

ఆ గురువారం పొద్దున నేను ఆఫీసు తలుపు తీసేసరికే లోపల ఫోన్ మోగుతోంది. మంత్రాలయంలో మా సైటు వాడుకునే లాడ్జీల్లో ఒకదాని మేనేజరు. మామూలుగా ఆయన "బాగుండావామ్మా" అని మొదలుపెడతాడు. ఆరోజు అదేమీ లేదు.

"ఏమ్మా, మీ సైటులో జనం పెట్టేదొకటి, మాకు వచ్చేదొకటి. మోకాలి ఆపరేషనైన పెద్దామె వచ్చుండాది. కింది రూమే కావాలని సైటులో పెట్టినామంటాండారు వాళ్ళు. మాకొచ్చిన మెసేజీలో ఆ మాటే లేదు. కింది రూములన్నీ ఇచ్చేసినా. గురువారం పూట నేను యాడ తెచ్చేది?"

మాది కర్నూలులో ఒక బట్టలషాపు పైన చిన్న ఆఫీసు. యజమాని హైదరాబాదులో ఉంటాడు. మంత్రాలయం, అహోబిలం లాంటి చోట్ల లాడ్జీ గదులు బుక్ చేసుకునే వెబ్‌సైటు మా కంపెనీది. అందులో యాత్రికుల కంటికి కనపడే భాగమంతా, అంటే పేజీలు, ఫారాలు, లాడ్జీకి పోయే మెసేజీ, అన్నీ కర్నూలు వాళ్ళం మేము చేసేవి. మా అందరికీ పెద్ద మా సార్.

ఆయన నాకు ఆఫీసులోనే కాదు, అంతకుముందే సార్. మాది ఆదోని అవతల ఒక పల్లె. మా నాన్న కూలికి పోతాడు, ఆదివారం చర్చిలో డోలక్ వాయిస్తాడు. డిగ్రీ అయినాక కంప్యూటర్ నేర్చుకోవాలని నేను కర్నూలు వస్తే, ఆ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠం చెప్పింది ఈయనే. ముందు ఇంగ్లీషులో మొదలుపెట్టి, మా మొహాలు చూసి ఆపేసి, బోర్డు తుడిచి, మళ్ళీ మొదటినుంచి తెలుగులో చెప్పేవారు. తర్వాత ఆయన ఈ కంపెనీలో చేరారు. కొన్నాళ్ళకు నన్నూ పిలిపించారు. ఇంటర్వ్యూలో నేను తడబడితే, "ఆ పిల్లకు పని వచ్చు, మాట రాదు, అంతే" అని యజమానితో ఆయనే చెప్పారట. అందరిముందూ నన్ను పాప అనే పిలిచేవారు.

నేను ఫోన్ పెట్టేసేసరికి సార్ మెట్లెక్కి వచ్చారు. సంగతి చెప్పాను. ఆయన భుజానున్న బ్యాగు కూడా దించలేదు.

"పద పాప, పోదాం."

"ఫోన్‌లో చెప్తే సరిపోదా సార్?"

"ఆమె మెట్ల దగ్గర కూర్చోనుంటే మనం ఈడ కూర్చోని ఏం చెప్పేది?"

ఎమ్మిగనూరు మీదుగా బస్సులో వెళ్ళాం. మేము చేరేసరికి ఎండ నెత్తిమీదికొచ్చింది. లాడ్జీ ముందు చెప్పులు, బకెట్లు, ఆరేసిన పంచెలు. లోపలికి పోతే పెద్దామె కింద లేదు. వేరే దారి లేక ఆమెను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, కొడుకు, లాడ్జీ పనివాళ్ళు కలిసి పై అంతస్తుకు మోసుకుపోయారట.

మేమూ పైకెక్కితే కొడుకు వరండాలోనే ఎదురొచ్చాడు. బళ్ళారి వైపు మనిషి. మేనేజరు అప్పటికే గది డబ్బులు వాపసు ఇస్తానని చెప్పినట్టున్నాడు. "దుడ్లు ఎవరికి కావాలప్పా? మా అమ్మను చూడు పో లోపల," అన్నాడు.

ఆమె మంచం మీద గోడవైపు తిరిగి కూర్చుంది. కొంగు మెడ చుట్టూ గట్టిగా బిగించి పట్టుకుంది. కోడలు నీళ్ళ గ్లాసు పట్టుకుని పక్కన నిలబడి ఉంది. దర్శనానికి దించుతామంటే వద్దంటోందని కోడలు చెప్పింది.

"మగోళ్ళు నన్ను ఎత్తుకోని తెచ్చినారు నాయనా," అంది పెద్దామె, మా వైపు తిరగకుండానే. "మెట్ల కింద జనమంతా చూస్తాండారు. కాళ్ళ మీద చీర తప్పుకుంటే సర్దుకోను కూడా కాలేదు. ఇప్పుడు దించల్లన్నా ఎత్తల్ల గదా. నేను రాను. స్వామి ఈడికే వింటాడులే."

సార్ చెప్పులు గడప బయట విడిచి లోపలికి వెళ్ళి, మంచం ముందు గచ్చు మీద మోకాళ్ళ మీద కూర్చున్నారు. "తప్పు నాదేనమ్మా. ఆ సైటు చేసింది నేనే. మీరు సరిగ్గానే పెట్టినారు," అన్నారు.

అప్పటికి తప్పు ఎక్కడుందో మా ఎవరికీ తెలీదు. ఎవరూ ఆయన్ని అడగనూ లేదు. ఆమె ఇటు తిరిగి ఆయన తలవైపు చూసి, "లెయ్ నాయనా, పెద్దోనివి, అట్ల కూర్చోకు," అంది. నేను గడప అవతలే నిలబడి ఉన్నాను. లోపలికి పోలేదు. ఆ ఫారం పేజీ చేసింది మాత్రం నేనే.

మరుసటి రోజు కింది గది ఖాళీ అయిందిగానీ, అప్పటికే వాళ్ళు టాక్సీ పిలిపించుకుని వెళ్ళిపోయారని, ఆమె దర్శనం చేసుకోలేదని మేనేజరు తర్వాత చెప్పాడు.

తిరుగు బస్సులో సార్ కిటికీ పక్కన కూర్చున్నారు. ఎమ్మిగనూరు దాటినాక అన్నారు.

"టెస్టులన్నీ పాసైనాయి గదా పాప. కింది అంతస్తుకు కూడా టెస్టుండాది. నేనే రాసినా. ఎట్ల తప్పిపోయింది?"

ఆ టెస్టుల సంగతి కొంచెం చెప్పాలి. సైటులో ఏ చిన్న మార్పు చేసినా, జనానికి చూపించేముందు అది పాతవాటిని పాడుచేయలేదని చూసుకోవాలి. ప్రతిసారీ మనుషులు కూర్చుని చూడలేరు గనక, ఆ చూసే పని కూడా ప్రోగ్రాముగానే రాసిపెడతాం. అందులో మేమే ఉత్తుత్తి యాత్రికుల్ని పుట్టిస్తాం. ఒకడికి పిల్లలుంటారు, ఒకడు ఒంటరి, ఒకామెకు కింది గది కావాలి. వాళ్ళచేత ఫారం నింపించి, గది బుక్ చేయించి, లాడ్జీకి సరైన మెసేజీ పోతోందో లేదో చూస్తాం. అన్నీ సరిగ్గా ఉంటే తెరమీద పచ్చ టిక్కులు వస్తాయి. మా ఆఫీసులో ఆ పచ్చ టిక్కులు చూసుకునే మేము టీకి పోయేవాళ్ళం.

ఇంకొకటి కూడా ఉంది, టైప్ చెకింగ్. వయసు రాయాల్సిన గడిలో పేరు రాస్తే గుమాస్తా కాగితం వెనక్కిస్తాడు చూడండి, అలాంటి కాపలా. ఏ సమాచారం ఏ రూపంలో ఉండాలో ముందే రాసిపెట్టుకుంటే, ఎక్కడైనా రూపం తప్పితే కంప్యూటరే ఎర్రగీత గీసి చెప్తుంది. మా సైటు ప్రోగ్రాముకు ఆ కాపలా ఉంది. టెస్టులకూ ఉందనే నేను అనుకుంటూ వచ్చాను. అనుకోవడం కూడా కాదు, ఆ ఆలోచనే ఎప్పుడూ రాలేదు.

శుక్రవారం పొద్దునంతా వెతికాను. దొరికింది. మొదట్లో మా ఫారంలో "కింది అంతస్తు కావాలా" అన్నదానికి అవును, కాదు అని రెండే జవాబులు. తర్వాత లాడ్జీ వాళ్ళు అడిగితే దాన్ని మార్చి, కింద, పైన, ఏదైనా పర్వాలేదు అని ఎంచుకునేట్టు చేశాం. ఫారం మారింది. కానీ లాడ్జీకి మెసేజీ తయారుచేసే చోట మాత్రం పాత అవును కాదు కోసమే చూస్తూ ఉండిపోయింది. ఆ సమాచారం బయటి సర్వరు నుంచి, అంటే మా ప్రోగ్రాము చేతిలో లేని వేరే కంప్యూటరు నుంచి వచ్చేది గనక అక్కడ కాపలా పనిచేయలేదు. టెస్టులోనైనా అది పట్టుబడాలి. కానీ టెస్టులో ఉన్న ఉత్తుత్తి యాత్రికురాలు కూడా పాత పద్ధతిలోనే అవును అంటూ ఉంది. రెండు తప్పులూ ఒకదానికొకటి అతికినట్టు సరిపోయాయి. అందుకే పచ్చ టిక్కు.

టెస్టులకు టైప్ చెకింగ్ ఉండుంటే, ఫారం మార్చిన రోజే ఆ యాత్రికురాలి మీద ఎర్రగీత పడేది. ఆమెను సరిచేస్తే వెంటనే టెస్టు ఫెయిలయ్యేది. మెసేజీలో తప్పు అప్పుడే తెలిసేది.

ఉత్తగా చూద్దామని, నా కంప్యూటరులో మాత్రం, టెస్టులమీద కూడా ఆ చెకింగ్ నడిపించాను. తెర నిండా ఎర్రగా పరుచుకుంది. కిందికి జరిపేకొద్దీ ఇంకా వస్తూనే ఉంది. లేని పేర్లు, మారిపోయిన గడులు, ఎప్పుడో తీసేసిన పేజీల్లో ఇంకా గదులు బుక్ చేసుకుంటున్న యాత్రికులు. మేము ప్రోగ్రాము రాసుకునే ఎడిటర్‌లో ఏ లైను ఎవరు రాశారో పక్కనే బూడిదరంగులో పేరు కనపడుతుంది. నేను చూసిన చోటల్లా సార్ పేరే.

సార్ అప్పుడు నా వెనకే ఉన్నారు. క్యారియరు విప్పి, "పాప, మీ అక్కయ్య ఈపొద్దు ఉగ్గాని పెట్టింది, దా తిందువు," అని పిలిచారు. వాళ్ళావిడను ఆయన నాతో అలాగే అనేవారు, మీ అక్కయ్య అని.

"మీరు తినండి సార్, కొంచెం పనుంది," అన్నాను. తెర మీద వేరే పేజీ తెరిచి ఎరుపును కప్పేశాను.

పూర్తిగా తేల్చుకున్నాక చెప్దామని నాకు నేను చెప్పుకున్నాను. అప్పటికే పూర్తిగా తేలిపోయింది. శనివారం యజమానితో మీటింగుంది. లాడ్జీ మేనేజర్లు కూడా వీడియోలో వస్తారు. అక్కడ నేను చూపిస్తే ఎలా ఉంటుందో నా కళ్ళముందు ఆడుతూనే ఉంది. ఆ సాయంత్రం సార్ ఇంటికి పోతూ, "ఏమైనా దొరికిందా?" అని అడిగారు. "చూస్తాండా సార్," అన్నాను.

మీటింగులో యజమాని మొదటే అడిగాడు, కర్నూలు వాళ్ళు ఏం చెప్తారు అని. సార్ గొంతు సవరించుకున్నారు. మెసేజీలో పొరపాటు జరిగిందనీ, వెతుకుతున్నామనీ ఆయన మొదలుపెట్టారు.

"సార్, నాకు దొరికింది. చూపిస్తాను," అన్నాను నేను.

మా సార్ నావైపు తిరిగి చూశారు. కోపం లేదు ఆ చూపులో. సంతోషమే ఉంది, చెప్పు చెప్పు అన్నట్టు కుర్చీ కొంచెం వెనక్కి జరిపి నాకు చోటిచ్చారు.

నా తెర అందరికీ కనపడేట్టు పెట్టాను. జరిగింది జరిగినట్టు చెప్పాను. ఇన్‌స్టిట్యూట్‌లో ఆయన నేర్పిన పద్ధతిలోనే, ముందు మామూలు మాటల్లో, తర్వాత ప్రోగ్రాములో. తర్వాత చెకింగ్ నడిపించాను. ఎర్రటి లైన్లు ఒకదాని కింద ఒకటి దిగుతూ పోయాయి. ఒకదాని మీద నొక్కితే ఫైలు తెరుచుకుంది. లైను పక్కన సార్ పేరు. ఇంకొకదాని మీద నొక్కాను. మళ్ళీ అదే.

"ఇవన్నీ ఎవరు రాసినవమ్మా?" అన్నాడు యజమాని.

చెప్పాల్సిన పనిలేదు. ఆ పేరు కనపడకుండా చెయ్యడానికి ఒక బటన్ చాలు. నా చెయ్యి మౌస్ మీదే ఉంది. కదపలేదు.

మంత్రాలయం మేనేజరు, "అంటే ఇన్నాళ్ళూ మీరు చూసింది సున్నానే అన్నమాట," అన్నాడు. ఆయన మామూలుగానే అన్నాడు. సార్ తల ఊపారు.

"వెరీ గుడ్ అమ్మా. టెస్టులకు ఈ చెకింగ్ పెట్టే బాధ్యత నువ్వే తీసుకో," అన్నాడు యజమాని.

మీటింగు అయిపోయినాక సార్ నీళ్ళు తాగారు. "బాగా పట్టినావు పాప," అన్నారు. నిజంగానే అన్నారు, ఎత్తిపొడుపు కాదు. తర్వాత లేచి టీకని కిందికి పోయారు. ఆరోజు మళ్ళీ పైకి రాలేదు. ఆయన బ్యాగు కుర్చీకే వేలాడుతూ ఉండిపోయింది.

సోమవారం నేను తొందరగా వచ్చి పని మొదలుపెట్టాను. ఏ ఫైళ్ళను చెక్ చెయ్యాలి, ఏవి వదిలెయ్యాలి అని కంప్యూటరుకు చెప్పే సెట్టింగుల ఫైలు ఒకటుంటుంది. అది తెరిచాను. టెస్టుల ఫోల్డరును వదిలెయ్యమని అందులో ఒక లైను ఉంది. దాన్ని చూడగానే గుర్తొచ్చింది. ఆ లైను రాస్తున్నప్పుడు నేను పక్కనే ఉన్నాను.

ఉద్యోగంలో చేరిన కొత్త. నేను మొదటిసారి టెస్టులు రాశాను. ఎక్కడ చూసినా ఎర్రగీతలే, ఎందుకో అర్థం కాలేదు. ఆరోజు అవి పూర్తయితేగానీ సైటు ముందుకు పోదు. అదే మధ్యాహ్నం ఆదోని ఆసుపత్రి నుంచి మా అమ్మ ఫోన్ చేసింది. అక్క కాన్పు కష్టమైంది, రక్తం కావాలంటున్నారు, నాది కూడా అదే గ్రూపు. నేను కీబోర్డు మీద చేతులు పెట్టుకుని ఏడుస్తూ కూర్చున్నాను. సార్ తన కుర్చీ లాక్కుని వచ్చి నా పక్కన కూర్చున్నారు.

"నువ్వు లెయ్. బస్సు చూసుకో పో. ఇది నేను చూసుకుంటా." అంటూనే ఆ ఫైలు తెరిచి, ఆ ఒక్క లైనూ టైపు చేశారు. ఎర్రగీతలన్నీ పోయాయి. "తాత్కాలికానికి. నువ్వొచ్చినాక తీసేసి, ఇద్దరం కూర్చోని సరిచేద్దాం."

అక్కా బిడ్డా బతికారు. నేను వారం తర్వాత తిరిగొచ్చాను. ఎర్రగీతలు లేవు, పచ్చ టిక్కులు ఉన్నాయి. నేను ఏమీ అడగలేదు. ఆయనా ఆ మాట ఎత్తలేదు. పని మీద పని వచ్చిపడింది. ఆ తర్వాత రాసిన టెస్టులన్నీ, ఆయనవీ నావీ, ఆ లైను నీడలోనే రాసుకుంటూ పోయాం. నావీ అని ఎందుకంటున్నానంటే, ఆ సోమవారం తీరిగ్గా చూస్తే ఎర్రటివాటిలో నా పేరు కూడా తక్కువేమీ లేదు. మీటింగులో నేను నొక్కినవాటిలో మాత్రం లేదు.

సార్ మామూలు వేళకే వచ్చారు. కుర్చీకున్న బ్యాగు తీసి పక్కన పెట్టి, చొక్కా చేతులు మడిచి, నా టేబుల్ దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

"నావి ఏ ఫైళ్ళో చెప్పండి. సరిచేస్తా," అన్నారు.

చెప్పండి. నేను వెనక్కి తిరిగి చూశాను, ఇంకెవరితోనైనా మాట్లాడుతున్నారేమోనని. ఎవరూ లేరు.

"సార్, నన్ను మీరు అంటాండారేమి?"

"పని మీది గదా. నేను మీ కింద చేస్తాండా. అట్లనే ఉండల్ల." ఆ మాట కూడా మామూలుగానే అన్నారు. ఆఫీసులో మర్యాదకు ఏది సరో అది చేస్తున్నట్టు.

ఇద్దరం కలిసి చాలా రోజులు చేశాం. ముందు లాడ్జీ మెసేజీలో ఉన్న తప్పు సరిచేశాం, ఆ తర్వాత ఒక్కొక్క టెస్టు. తెరిచి చూస్తే ఎన్ని విచిత్రాలో. పుట్టినతేదీ ఉండాల్సిన చోట ఊరి పేరు పెట్టుకున్న యాత్రికుడు ఒకడు. గదే లేకుండా గది ఖాళీ చేసి పోతున్నాడు ఒకడు. "రూపం ఏదైనా సరే, చూడొద్దు" అని కంప్యూటరుకు చెప్పే ఒక మాట ఉంటుంది. అది పెడితే ఎర్రగీత ఇట్టే పోతుంది. మొదటిరోజే నాకు రెండుసార్లు చెయ్యి దానిమీదికి పోయింది. సార్ మాత్రం ఒక్కచోట కూడా పెట్టలేదు. అర్థం కానిది వస్తే చదువుకునేవారు, తర్వాత నా దగ్గరికి వచ్చి, "ఇది సరేనా, చూడండి," అనేవారు. నాకు బోర్డు తుడిచి తుడిచి చెప్పిన మనిషి, పరీక్ష పేపరు చూపిస్తున్నట్టు, నా కుర్చీ పక్కన నిలబడి. కూర్చోండి సార్ అంటే, "పర్వాలేదులెండి," అనేవారు. మిగతా వాళ్ళు అది చూసి చూడనట్టు ఉండేవారు. కొత్తగా చేరిన అమ్మాయైతే ఆయన నా దగ్గర పని నేర్చుకుంటున్నాడనే అనుకుందట.

ఒకరోజు మధ్యాహ్నం ఆఫీసులో మేమిద్దరమే ఉన్నప్పుడు నేను ఆ లైను సంగతి ఎత్తాను. "సార్, టెస్టులను వదిలెయ్యమని పెట్టిన లైను, మా అక్క కాన్పు రోజు..."

"నాకు గుర్తుండాది," అన్నారు.

"ఎప్పుడు గుర్తొచ్చింది సార్?"

"మీటింగులోనే. మీరు ఆ చెకింగ్ నడిపించిన తక్షణమే."

"మరి చెప్పలేదే?"

ఆయన అద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. "ఏమని చెప్పేది? నీ కోసం పెట్టినా అనా? ఆ రోజు పెట్టింది సరే. వచ్చినాక తియ్యల్ల గదా. తియ్యనిది నేను." ఆ ఒక్కసారి 'నీ' అన్న మాట వచ్చింది ఆయన నోట. నాకు ప్రాణం లేచొచ్చింది. వెంటనే సర్దుకున్నారు. "తప్పు బయటపడింది మంచిదే. ఇంకో పెద్దామెకు అట్ల కాకుండా. ఒకటే. ముందురోజు నేను అడిగితే చూస్తాండా అన్నారు మీరు. ఆపొద్దే చెప్పింటే, మీటింగులో నేనే చెప్పుకునేవాణ్ణి. నా తప్పు నా నోటితో."

ఆయన అద్దాలు పెట్టుకుని పనిలో పడ్డారు. క్షమించండి సార్ అనాలి. నేను ఆ మాట అంటే ఆయన పర్వాలేదు అనాల్సి వస్తుంది, ఆ భారం కూడా ఆయనమీదే వేస్తానా అనిపించింది. ఇప్పుడు చూసుకుంటే అదీ ఒక సాకే. అనలేదు, అంతే.

యజమానికి ఫోన్ చేశాను. ఆ లైను ఎందుకు వచ్చిందో, టెస్టుల్లో నావి కూడా ఎన్ని తప్పులున్నాయో చెప్పాను. ఆయన వింటూనే ఎవరితోనో ఇంకేదో మాట్లాడుతున్నాడు. "అదంతా ఇప్పుడెందుకమ్మా, అయిపోయింది గదా. ఆయన పాతకాలం మనిషి. ఇకనుంచి కర్నూలు టీముకు నువ్వే లీడ్. వచ్చే నెలనుంచి," అన్నాడు.

వద్దని చెప్పాలని నోరు తెరిచాను. "థాంక్యూ సార్" అని వచ్చింది.

టెస్టుల్లో ఎర్రగీతలన్నీ అయిపోయిన రోజు ఆ లైను తీసేశాం. తియ్యమని సార్‌కు కీబోర్డు ఇచ్చాను. "మీరు తియ్యండి, బాధ్యత మీది," అని వెనక్కి జరిపారు. నేనే తీశాను. ఇప్పుడు టెస్టులో రూపం తప్పిన యాత్రికుడు ఒక్కడున్నా మా సైటులో ఏ మార్పూ ముందుకు పోదు. ఆ తర్వాత ఫారాలు చాలాసార్లు మారాయి, ప్రతిసారీ ముందే పట్టుబడ్డాయి. పని విషయానికొస్తే మంచే జరిగింది. అది నేను కాదనను.

కొన్ని నెలలకు సార్ ఉద్యోగం మానేశారు. కడపలో ఒక కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పే పని దొరికిందనీ, అక్కయ్యది ఆ ఊరే గనక ఆమెకూ సంతోషమనీ చెప్పారు. అది నిజమే కావచ్చు. పాఠం చెప్పడమంటే ఆయనకు మొదటినుంచీ ఇష్టం. నా వల్ల పోతున్నారా అని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. పోయేరోజు అందరికీ స్వీట్లు పంచి, నాకు మాత్రం బాక్సు చేతికిచ్చి, "ఇంటికి తీసుకపోండి, అమ్మావాళ్ళకు," అన్నారు.

మొన్న ఎండాకాలం ముందు ఆయనే ఫోన్ చేశారు. పిల్లలకు ఉద్యోగాల్లో జరిగే సంగతులు తెలియాలి, ఒక పూట వచ్చి టెస్టుల గురించి చెప్పండి అని. కడపకు పోయాను. పాత కట్టడం, ఎత్తయిన కప్పు, ఫ్యాను గాలి కిందికి రాని క్లాసురూము. సార్‌కు జుట్టు బాగా నెరిసింది. పిల్లలకు నన్ను పరిచయం చేస్తూ, "ఈ మేడం కర్నూలులో మా టీం లీడ్. నేను రాసిన టెస్టుల్లో తప్పులు పట్టింది ఈమే," అని నవ్వి, వెనక బెంచీలో పోయి కూర్చున్నారు.

నేను ఉత్తుత్తి యాత్రికుల సంగతి చెప్పాను, టైప్ చెకింగ్ సంగతి చెప్పాను. పిల్లలు బాగానే విన్నారు. ముందు వరసలో ఒక అమ్మాయి చెయ్యెత్తింది.

"మేడం, టెస్టులను చెక్ చెయ్యొద్దని ఆ లైను అసలెందుకు పెట్టినారు? ఎవరు పెట్టినారు?"

అడగాల్సిన ప్రశ్నే. నేను వెనక బెంచీ వైపు చూశాను. సార్ కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

"సార్ పెట్టినారు," అన్నాను. "నా కోసం." ఆసుపత్రి ఫోన్ సంగతి, తిరిగొచ్చినాక నేను అడగని సంగతి చెప్పాను. తప్పు దొరికిన తర్వాత ఆయనకు చెప్పకుండా దాచి, మీటింగులో పదిమంది ముందు ఆయన పేరు తెర మీద పెట్టిన సంగతి మొదలుపెట్టాను. బెంచీ జరిగిన చప్పుడైంది. సార్ లేచి, పిల్లలకు అడ్డం రాకుండా గోడ పక్కగా నడిచి, వరండాలోకి వెళ్ళిపోయారు. వినలేక బయటికి వెళ్ళారో, నేను చెప్పుకోడానికి చోటిచ్చారో నాకు తెలీదు. నేను ఆపకుండా చివరిదాకా చెప్పాను. క్లాసులో ఎవరూ నవ్వలేదు. వెనకాల ఎవరో, "మరి సార్ ఏమన్నారు మేడం?" అని అడిగారు. "బాగా పట్టినావు అన్నారు," అని చెప్పాను.

క్లాసు అయినాక సార్ నన్ను టిఫినుకు తీసుకుపోయారు. కారం దోసె తిన్నాం. ఇంట్లో బోరు ఎండిపోయిన సంగతి, ట్యాంకరు కోసం అక్కయ్య పడే తిప్పలు చెప్పారు. మా అక్క కొడుకు బడికి పోతున్నాడా అని అడిగారు. క్లాసులో నేను చెప్పినదాని గురించి ఒక్క మాట లేదు. డబ్బులు నన్ను ఇవ్వనియ్యలేదు.

బస్టాండులో కర్నూలు బస్సు అప్పుడే కదలడానికి సిద్ధంగా ఉంది. ఎండ పడని వైపు చూసి కిటికీ సీటులో కూర్చోబెట్టి, నీళ్ళ బాటిలు అందించారు.

"సార్, నన్ను క్షమించండి," అన్నాను, కిటికీలోంచి. ఇంజను మోతలో వినపడిందో లేదో.

"ఆఁ?" అన్నారు చెవి దగ్గరికి తెచ్చి.

మళ్ళీ అన్నాను. ఈసారి విన్నారు. కిటికీ ఊచ పట్టుకున్నారు. పర్వాలేదు అనలేదు.

"మళ్ళా సంవత్సరం కూడా రాండి. వేరే పిల్లలుంటారు," అన్నారు.

వస్తానన్నాను. బస్సు కదిలింది.